యూకే పార్కింగ్ నోటీసు: ‘కోర్టుకు వెళ్తాం’ అంటూ లెటర్ వచ్చిందా? భయపడి కట్టేయకండి.. అలాగని పక్కన పడేయకండి

సూపర్ మార్కెట్‌కి వెళ్లారు. కారు పార్క్ చేశారు. సరుకులు కొన్నారు, ఫ్రెండ్ కనబడితే కాసేపు ముచ్చట్లు పెట్టారు. ఇంటికి వచ్చేశారు. పది రోజుల తర్వాత పోస్టులో ఓ కవర్.. తెరిచి చూస్తే కారు లోపలికి వెళ్లిన ఫొటో, బయటికి వచ్చిన ఫొటో, కింద ‘100 పౌండ్లు కట్టండి’ అని. మన డబ్బుల్లో పది వేల రూపాయలకు పైమాటే! ఆ తర్వాత ఎర్ర అక్షరాలతో ఇంకో లెటర్. ఆపైన ‘కోర్టు చర్యలు తీసుకుంటాం’ అని మరొకటి.

యూకేలో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. హైదరాబాద్‌లో అయితే మాల్ పార్కింగ్ దగ్గర గొడవ పడితే అక్కడికక్కడే తేలిపోతుంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితం అని జీవో ఇచ్చాక, జేబులోంచి బిల్లు తీసి చూపించడం కూడా అందరికీ అలవాటైంది. అక్కడ అలా కాదు. గేటు దగ్గర మనిషే ఉండడు. కెమెరా నంబర్ ప్లేట్‌ని చదువుతుంది, కంప్యూటర్ లెటర్ కొడుతుంది. వాదించడానికి ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి అంతా కాగితాల మీదే జరగాలి. ఇంతకీ ఆ బెదిరింపులో ఎంత నిజముంది? ఎప్పుడు స్పందించాలి? కోర్టు దాకా వెళ్తే ఏమవుతుంది? ముఖ్యంగా ఇంగ్లాండ్, వేల్స్‌లో ఉన్నవాళ్ల కోసం ఈ వివరాలు.

ముందు కవర్ ఎవరిదో చూడండి

పీసీఎన్ అనే మూడక్షరాలు చూసి అంతా ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కౌన్సిల్ ఇచ్చేది ‘పెనాల్టీ ఛార్జ్ నోటీస్’. ప్రైవేట్ కంపెనీ ఇచ్చేది ‘పార్కింగ్ ఛార్జ్ నోటీస్’. పొట్టి పేరు రెండింటికీ ఒకటే. రంగులు, డిజైన్ కూడా చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. అది యాదృచ్ఛికమని ఎవరూ అనుకోరు లెండి.

కౌన్సిల్ నోటీసు వెనుక చట్టం ఇచ్చిన అధికారం ఉంది. దాన్ని పట్టించుకోకపోతే మొత్తం సగానికి సగం పెరుగుతుంది, కోర్టులో విచారణ లేకుండానే వసూలు చేసేవాళ్లు ఇంటికి వచ్చే దాకా వెళ్తుంది. దాని అప్పీలు దారి వేరు, ట్రిబ్యునల్ వేరు. ఈ కథనంలో చెప్పేది దానికి వర్తించదు.

ప్రైవేట్ కంపెనీ పంపేది నిజానికి ఫైన్ కాదు. ‘మా స్థలంలో బోర్డు పెట్టాం, ఆ షరతులకు ఒప్పుకునే మీరు పార్క్ చేశారు, షరతు తప్పారు కాబట్టి ఇంత బాకీ’ అని వాళ్లు అడుగుతున్నారంతే. అంటే ఇది ఒప్పందానికి సంబంధించిన సివిల్ గొడవ. పోలీసులు రారు, క్రిమినల్ రికార్డు ఉండదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. కారు చక్రానికి తాళం వేసే హక్కు కూడా ప్రైవేట్ స్థలాల్లో 2012 నుంచే లేదు. వాళ్లు మిమ్మల్ని బలవంతంగా కట్టించాలంటే ఉన్న దారి ఒక్కటే.. కౌంటీ కోర్టులో దావా వేసి గెలవడం.

‘ప్రైవేట్‌దే కదా, పడేయ్ బ్రో’.. ఈ సలహా ఎందుకు పాతబడింది?

మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా నోటీసు ఫొటో పెడితే చాలు, రెండు నిమిషాల్లో వచ్చే జవాబు ఇదే. ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. కారు ఎవరు నడిపారో కంపెనీకి తెలియకపోతే ఎవరి మీదా దావా వేయలేని పరిస్థితి. రెండు పరిణామాలతో అది మారిపోయింది.

మొదటిది, ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012. చక్రాలకు తాళం వేయడాన్ని నిషేధించిన ఈ చట్టమే, దానికి బదులన్నట్టుగా నాలుగో షెడ్యూల్‌లో కంపెనీలకు ఓ ఆయుధం ఇచ్చింది. డ్రైవర్ ఎవరో తెలియకపోయినా, కొన్ని నిబంధనలు పాటిస్తే, కారు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్ల నుంచి అంటే ‘కీపర్’ నుంచి వసూలు చేసుకోవచ్చు. డీవీఎల్‌ఏకి ఒక్కో కారుకు 2.50 పౌండ్లు కడితే కీపర్ పేరు, అడ్రస్ కంపెనీ చేతికొస్తాయి.

రెండోది, 2015 నవంబర్ 4న యూకే సుప్రీంకోర్టు ఇచ్చిన పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ తీర్పు. ఛెమ్స్‌ఫర్డ్‌లోని ఓ షాపింగ్ పార్కులో రెండు గంటలు ఫ్రీ. కారు 56 నిమిషాలు ఎక్కువసేపు ఉంది. 85 పౌండ్లు కట్టమన్నారు. అంత నష్టం మీకెక్కడ జరిగింది, ఇది శిక్ష లాంటిది, చెల్లదు అని కారు యజమాని వాదించారు. ఏడుగురు జడ్జిల్లో ఆరుగురు ఒప్పుకోలేదు. పార్కింగ్ అందరికీ అందేలా చూసుకోవడంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉంది, బోర్డులు పెద్దగా స్పష్టంగా ఉన్నాయి, మొత్తం మరీ అతిగా లేదు కాబట్టి కట్టాల్సిందే అన్నారు.

ఈ తీర్పును కంపెనీలు ప్రతి లెటర్‌లోనూ జెండాలా ఊపుతాయి. కానీ జాగ్రత్తగా చదివితే అది మనకూ పనికొస్తుంది. కంపెనీ అక్కడ గెలవడానికి పెద్ద కారణం, బోర్డులు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించడం. మీ కేసులో బోర్డు చెట్టు కొమ్మల వెనుక ఉందా? రాత్రి లైటు లేదా? 100 పౌండ్లు అన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉందా? అలాంటప్పుడు బీవిస్ తీర్పు వాళ్ల వైపు కాదు, మీ వైపు మాట్లాడుతుంది.

మొదటి లెటర్‌లో తేదీలు లెక్కపెట్టండి

చాలామంది మొత్తం ఎంతో చూస్తారు కానీ తేదీ చూడరు. అసలు బలం అక్కడే ఉంది. అద్దం మీద ఏ కాగితమూ అంటించకుండా కెమెరాతోనే పట్టుకుంటే, కీపర్‌కి పంపే నోటీసు 14 రోజుల్లోపు చేరాలి. పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్క. మార్చి 1న పార్క్ చేశారనుకుందాం, మార్చి 15లోపు నోటీసు మీ ఇంటికి రావాలి. పోస్టు చేసిన తర్వాత రెండో పనిదినానికి చేరినట్టు చట్టం లెక్కగడుతుంది. కాబట్టి లెటర్ మీద తేదీ మార్చి 14 ఉంటే ఆలస్యమైనట్టే. అద్దం మీద టికెట్ అంటించి ఉంటే లెక్క వేరు, అప్పుడు కీపర్‌కి వచ్చే లెటర్ 28 రోజులు గడిచాక, 56 రోజులు దాటకుండా రావాలి.

తేదీ ఒక్కటే కాదు. ‘డ్రైవర్ ఎవరో మాకు తెలియక, 28 రోజుల్లో డబ్బు రాకపోతే కీపర్ నుంచి వసూలు చేసుకునే హక్కు మాకు ఉంటుంది’ అన్న హెచ్చరిక లాంటివి నోటీసులో ఉండి తీరాలి. ఇవి తప్పితే కీపర్ మీద బాధ్యత పడదు. అలాగే చాలా విమానాశ్రయాలు, రైల్వే స్థలాల్లాగా ప్రత్యేక బైలాస్ ఉన్నచోట ఈ నాలుగో షెడ్యూల్ వర్తించదు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను పికప్ చేసుకోవడానికి వెళ్లి రోడ్డు పక్కన రెండు నిమిషాలు ఆపి నోటీసు తెచ్చుకునేవాళ్లు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. అప్పీల్‌లో ‘సారీ, నేను ఆ రోజు కారు పార్క్ చేసి షాపులోకి వెళ్లాను..’ అని మొదలుపెడతారు. ఆ ఒక్క వాక్యంతో డ్రైవర్ ఎవరో మీరే చెప్పేసినట్టు. కీపర్‌కి నోటీసు ఆలస్యమైనా డ్రైవర్ బాధ్యత మాత్రం పోదు. అందుకే ‘వాహనం పార్క్ చేయబడింది’, ‘డ్రైవర్ టికెట్ తీసుకున్నారు’ అని రాయడం క్షేమం. ప్రైవేట్ కంపెనీకి డ్రైవర్ పేరు చెప్పి తీరాలన్న చట్టం లేదు. పోలీసులు అడిగితే మాత్రం వేరే సంగతి. అయితే చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. రూమ్మేట్ పేరో, ఇండియా వెళ్లిపోయిన సీనియర్ పేరో రాసి తప్పించుకుందామనుకుంటే పార్కింగ్ గొడవ కాస్తా పెద్ద కేసవుతుంది.

అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

ముందు కంపెనీకే రాయాలి. మామూలుగా 28 రోజుల గడువు. 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గింపు, అంటే 100 బదులు 60 పౌండ్లు. ఈ ఆశ చూపించే చాలామందితో కట్టించేస్తారు. తప్పు నిజంగా మనదే, బోర్డు క్లియర్‌గా ఉంది, వాదించడానికి ఏమీ లేదు అనుకుంటే మాత్రం ఆ 60 కట్టేసి మర్చిపోవడమే తెలివైన పని. అందులో నామోషీ ఏమీ లేదు.

అప్పీలుతో పాటు ఇంకో ఫోన్ కూడా చేయండి. ఆ స్థలం యజమానికి! సూపర్ మార్కెట్ మేనేజర్, జిమ్, హోటల్, జీపీ సర్జరీ.. ఎవరైతే పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నారో వాళ్లకు. బిల్లు చూపించి, ‘మీ దగ్గరే ఇంత షాపింగ్ చేశాను’ అని మర్యాదగా అడిగితే వాళ్లే క్యాన్సిల్ చేయించిన సందర్భాలున్నాయి. నోటీసు వచ్చిన కొత్తలోనే అడగాలి. కోర్టు దాకా వెళ్లాక వాళ్లు కూడా చేతులెత్తేస్తారు.

కంపెనీ కాదంటే రెండో మెట్టు. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్‌లో సభ్యులైన కంపెనీలైతే పాప్లా, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యులైతే ఐఏఎస్. పాప్లాకి తిరస్కరణ వచ్చాక 28 రోజుల గడువు ఉంటుంది. అక్కడ గెలిస్తే కంపెనీ వదిలేయాల్సిందే. ఓడిపోయినా ఆ నిర్ణయం మిమ్మల్ని కట్టిపడేయదు, కోర్టులో మళ్లీ మొదటి నుంచి వాదించుకోవచ్చు. ఐఏఎస్ మీద మాత్రం వాహనదారుల్లో అంత మంచి పేరు లేదు.

ఈ రెండు సంఘాలకూ కలిపి 2024 అక్టోబర్ నుంచి ఒకే కోడ్ అమల్లోకి వచ్చింది. కట్టిన టైమ్ అయిపోయాక కనీసం 10 నిమిషాలు గ్రేస్ ఇవ్వాలని అందులో ఉంది. మెషిన్‌లో నంబర్ కొట్టేటప్పుడు ఒక అక్షరం తప్పుపడడం లాంటి చిన్న పొరపాట్లకు ఛార్జ్ రద్దు చేయాలి, పెద్ద పొరపాటైనా 20 పౌండ్లకు తగ్గించాలి. జీరో బదులు ‘ఓ’ కొట్టి వంద పౌండ్ల నోటీసు తెచ్చుకున్నవాళ్లు ఇది చూపించాలి. సిగ్నల్ లేక యాప్ తెరుచుకోక, లోపలికి వచ్చిన ఐదు నిమిషాల్లో కట్టలేదని నోటీసులిచ్చిన వ్యవహారం మీద పెద్ద దుమారమే రేగింది. దాంతో 2025 ఫిబ్రవరిలో కోడ్ మార్చారు. కెమెరాలున్న పార్కింగ్‌లలో, బయటికి వెళ్లేలోపు డబ్బు కట్టేస్తే ఆలస్యం పేరుతో ఛార్జ్ వేయకూడదు. కాకపోతే ఈ కోడ్ ఆ సంఘాలు తమకు తాము రాసుకున్నది. చట్టబద్ధమైన కోడ్ కోసం 2019లోనే పార్లమెంట్ చట్టం చేసింది, 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం కోడ్ విడుదల చేసింది, నాలుగు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకుంది!

ఎర్ర అక్షరాల లెటర్లు: అరుపులే గానీ కరవలేవు

అప్పీలు పోయాక, లేదా మీరు అప్పీలే చేయకపోతే, డెట్ రికవరీ కంపెనీ పేరుతో లెటర్లు మొదలవుతాయి. 100 కాస్తా 170 అవుతుంది. ఆ 70 రికవరీ ఖర్చుల పేరుతో కలిపేది. ‘ఇంటికి ఏజెంట్లు’, ‘క్రెడిట్ స్కోర్’, ‘సీసీజే’ లాంటి మాటలు బోల్డ్‌లో ఉంటాయి. ఇవి వచ్చినప్పుడు కంగారు అక్కర్లేదు. డెట్ కలెక్టర్ అంటే బెయిలిఫ్ కాదు. ఇంట్లోకి వచ్చే అధికారం లేదు, సామాను ముట్టుకునే అధికారం లేదు. కోర్టు తీర్పు లేకుండా మీ క్రెడిట్ రికార్డు మీద ఒక్క గీత కూడా పడదు. వీళ్లతో ఫోన్లో వాదిస్తూ కూర్చోవాల్సిన పని లేదు. కాగితాలు మాత్రం ఒక్కటీ పారేయకండి. వరుసగా ఫైల్‌లో పెట్టండి.

ఆ 70 పౌండ్ల గురించి ఒక మాట. చట్టం నాలుగో షెడ్యూల్ ప్రకారం కీపర్ నుంచి వసూలు చేయగలిగేది నోటీసులో రాసిన మొత్తం వరకే. కాబట్టి మిమ్మల్ని కీపర్‌గా మాత్రమే అడుగుతుంటే, ఈ అదనపు మొత్తాన్ని గట్టిగా ప్రశ్నించవచ్చు.

ఈ లెటర్ వస్తే మాత్రం మేల్కోవాల్సిందే

వచ్చే లెటర్లన్నిట్లో ఒకదాని పేరు ‘లెటర్ ఆఫ్ క్లెయిమ్’ లేదా ‘లెటర్ బిఫోర్ క్లెయిమ్’. దాంతో పాటు జవాబు రాసే ఫారం, ఆదాయం ఖర్చుల ఫారం, 30 రోజుల గడువు ఉంటాయి. తరచూ సొలిసిటర్స్ పేరుతో వస్తుంది. ఇంతకుముందు పది లెటర్లు చూసి చూసి విసిగిపోయి దీన్ని కూడా పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2017 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న డెట్ క్లెయిమ్స్ ప్రీ యాక్షన్ ప్రోటోకాల్ ప్రకారం, వ్యక్తి మీద దావా వేసే ముందు కంపెనీ ఈ లెటర్ పంపి 30 రోజులు ఆగాలి. మీరు ‘బాకీని ఒప్పుకోవడం లేదు’ అని రాసి, ఆధారాలు అడిగితే వాళ్లు 30 రోజుల్లో ఇవ్వాలి. ఇచ్చిన తర్వాత కూడా మరో 30 రోజులు ఆగాలి. ఏమేం అడగాలంటే: మొదటి నోటీసు కాపీ, ఫొటోలు, ఆ రోజున్న బోర్డుల ఫొటోలు, బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే మ్యాప్, ఆ స్థలం యజమానితో కంపెనీకి ఉన్న ఒప్పందం, మీ మీద డ్రైవర్‌గానా కీపర్‌గానా దేని కింద క్లెయిమ్ చేస్తున్నారన్న వివరం, ఆ 70 పౌండ్లు ఎలా వచ్చాయన్న లెక్క. దీంతో పాటు డేటా రక్షణ చట్టం కింద ‘నా గురించి మీ దగ్గరున్న సమాచారమంతా ఇవ్వండి’ అని కూడా రాయవచ్చు. ఖర్చు లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి.

జవాబులో తప్పనిసరిగా ఉండాల్సిన మరో వాక్యం.. ‘కోర్టు కాగితాలు ఈ అడ్రస్‌కే పంపండి, పాత అడ్రస్ తీసేయండి’. ఈ ఒక్క వాక్యం ఎందుకంత ముఖ్యమో చూడండి.

ఓ స్టూడెంట్ అనుకుందాం. వరంగల్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లాడు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. లాగ్‌బుక్‌లో అప్పటి రూమ్ అడ్రస్ ఇచ్చాడు. కోర్సు అయిపోయాక జాబ్ కోసం లండన్ మారాడు. ఏడాదిలో మూడిళ్లు మారాడు. లాగ్‌బుక్ మార్చుకోలేదు. నోటీసు, రికవరీ లెటర్లు, లెటర్ ఆఫ్ క్లెయిమ్, చివరికి కోర్టు క్లెయిమ్ ఫారం.. అన్నీ పాత ఇంటి గుమ్మంలో పడ్డాయి. అక్కడ ఉంటున్న కొత్త కుర్రాళ్లు వాటిని చెత్తబుట్టలో వేశారు. జవాబు లేదు కాబట్టి కోర్టు కంపెనీ వైపు తీర్పు ఇచ్చేసింది. దాన్నే డిఫాల్ట్ సీసీజే అంటారు. రెండేళ్ల తర్వాత ఇల్లు అద్దెకు తీసుకోబోతే ఏజెంట్ ‘మీ మీద కోర్టు జడ్జిమెంట్ ఉంది’ అన్నాడు. ఇతగాడికి ఆ సూపర్ మార్కెట్ పేరు కూడా గుర్తులేదు!

సీసీజే ఆరేళ్ల పాటు రిజిస్టర్‌లో ఉంటుంది. ఫోన్ కాంట్రాక్టు నుంచి హోమ్ లోన్ దాకా అన్నిటికీ అడ్డం పడుతుంది. యూకే వీసా దరఖాస్తుల్లో కూడా ‘మీ మీద సివిల్ కోర్టు తీర్పు ఏమైనా ఉందా, ఉదాహరణకు బాకీ కట్టనందుకు’ అనే ప్రశ్న ఉంటుంది. సీసీజే అంటే నేరం కాదు, అది ఉన్నంత మాత్రాన వీసా పోతుందనీ కాదు. కానీ ఉండి కూడా లేదని రాయడం మాత్రం చాలా ప్రమాదం. ఇల్లు మారినప్పుడల్లా లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చుకోవడం ఉచితం. మార్చకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు, అది వేరే తంటా.

క్లెయిమ్ ఫారం వస్తే.. క్యాలెండర్ ముందు పెట్టుకోండి

నిజమైన దావా అంటే నార్తాంప్టన్‌లోని సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్ నుంచి పోస్టులో వచ్చే ఫారం. దాని మీద క్లెయిమ్ నంబర్, ఇష్యూ డేట్, కోర్టు ముద్ర ఉంటాయి. ఎస్సెమ్మెస్‌లో లింకు పంపి ‘కోర్టు ఫైన్ కట్టండి’ అంటే అది మోసం, నొక్కకండి.

ఇష్యూ డేట్ తర్వాత ఐదో రోజుకి ఫారం మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో స్పందించాలి. ముందుగా ‘అకనాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్’ ఆన్‌లైన్‌లో ఫైల్ చేస్తే, డిఫెన్స్ రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఉదాహరణకు ఇష్యూ డేట్ జూన్ 3 అయితే, అందినట్టు లెక్క జూన్ 8. అకనాలెడ్జ్‌మెంట్‌కి జూన్ 22 దాకా, డిఫెన్స్‌కి జూలై 6 దాకా టైమ్. చివరి రోజు వరకు ఆగకండి. ఇంకోటి, ఆ ఫారంలో ‘ఒప్పుకుంటున్నాను’ అనే పేజీ ఒకటి ఉంటుంది. వాయిదాల్లో కట్టే ఆప్షన్ ఉంది కదా అని అది నింపి పంపారంటే కేసు అక్కడితో మీ మీద తేలిపోయినట్టే.

దావా మొత్తం ఎలా ఉంటుందంటే.. అసలు ఛార్జ్ 100, రికవరీ 70, కోర్టు ఫీజు 35, లాయర్ ఫిక్స్‌డ్ ఖర్చు 50. వెరసి 255 పౌండ్లు. పైన ఏడాదికి 8 శాతం వడ్డీ అడుగుతారు. భయం ఏంటంటే ‘ఓడిపోతే వేలకు వేలు లాయర్ ఖర్చులు మీద పడతాయేమో’ అని. స్మాల్ క్లెయిమ్స్ దారిలో ఆ భయం పెద్దగా అక్కర్లేదు. 10,000 పౌండ్ల లోపు దావాల్లో ఓడినవాళ్ల మీద ఎదుటివాళ్ల లాయర్ ఫీజు వేయరు, మరీ అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప. గెలిచినవాళ్లకి కోర్టు ఫీజులు, కొద్దిపాటి ఖర్చులే వస్తాయి. నెట్‌లో దొరికిన నలభై పాయింట్లు కాపీ కొట్టి పెట్టడం కన్నా, మీ కేసులో నిజంగా జరిగిన మూడు నాలుగు విషయాలు క్లియర్‌గా రాయడం మేలు. డిఫెన్స్ చివర ‘ఇందులో రాసినవి నిజం’ అని సంతకం పెడతారు, కాబట్టి అందులో అబద్ధం ఉంటే కోర్టు ధిక్కారం దాకా వెళ్లొచ్చు.

ఏ పాయింట్లు నిలబడతాయి? నోటీసు తేదీ దాటడం, బోర్డులు కనపడకపోవడం, డబ్బు కట్టినట్టు బ్యాంకు మెసేజ్ ఉండడం, ఒకే రోజు రెండుసార్లు వెళ్తే కెమెరా మొదటి రాకను, చివరి పోకను కలిపేసి ఒకే పార్కింగ్‌గా చూపించడం లాంటివి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇంకో ముఖ్యమైన పాయింట్. సొంత బే‌లో పార్క్ చేసినా పర్మిట్ కనబడలేదని నోటీసులిస్తుంటారు. మీ లీజు లేదా టెనెన్సీ అగ్రిమెంట్‌లో పార్కింగ్ హక్కు ఎలాంటి షరతూ లేకుండా రాసి ఉంటే, తర్వాత వచ్చిన కంపెనీ బోర్డు ఆ హక్కును మార్చలేదని వాదించవచ్చు. 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఓ అప్పీలులో, అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర సామాను దించడానికి కాసేపు ఆపడాన్ని పార్కింగ్ అనలేమని చెప్పింది. కౌంటీ కోర్టు తీర్పు కాబట్టి మిగతా జడ్జిలు పాటించి తీరాలని లేదు. అయినా చూపించదగ్గదే.

‘డబ్బులు లేవు’, ‘స్టూడెంట్‌ని’, ‘రూల్ తెలియదు’.. ఇవి మాత్రం కోర్టులో పనిచేయవు. కంపెనీ అప్పీలులోనో, షాపు మేనేజర్ దగ్గరో పనిచేస్తే చేయొచ్చు.

విచారణ అంటే సినిమాల్లో కోర్టు కాదు

డిఫెన్స్ వేశాక ఓ ప్రశ్నల ఫారం వస్తుంది. 2024 మే 22 తర్వాత వేసిన దావాలైతే ఫోన్లో గంటసేపు మీడియేషన్ తప్పనిసరి. ఉచితమే. మధ్యవర్తి ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. ‘ఎంతకి సెటిల్ చేసుకుంటారు’ అని అడుగుతారు. సున్నా అని చెప్పే హక్కు మీకుంది. కానీ ఫోన్ ఎత్తకపోతే మాత్రం కోర్టు చర్య తీసుకోవచ్చు.

కుదరకపోతే కేసు మీ ఇంటికి దగ్గర్లో ఉన్న కౌంటీ కోర్టుకు మారుతుంది. తేదీకి ముందు కంపెనీ హియరింగ్ ఫీజు కట్టాలి. కట్టకపోతే కేసు కొట్టేస్తారు. గట్టిగా నిలబడినవాళ్ల కేసుల్లో కంపెనీలు ఈ దశలోనే వెనక్కి తగ్గడం కూడా జరుగుతుంటుంది. కానీ దాని మీద ఆశ పెట్టుకుని మీ సాక్ష్యం తయారు చేసుకోకుండా కూర్చోవద్దు. కోర్టు ఇచ్చిన ఆర్డర్‌లో ఏ తేదీలోపు ఏ కాగితాలు పంపాలో ఉంటుంది, మామూలుగా విచారణకు 14 రోజుల ముందు. బోర్డుల ఫొటోలు మీరే వెళ్లి తీసుకోండి, అదీ అదే సమయంలో. రాత్రి జరిగిందైతే రాత్రే.

గౌన్లు, బోను లాంటివేం ఉండవు. ఓ చిన్న గదిలో టేబుల్, అటు జడ్జి, ఇటు మీరు, పక్కన కంపెనీ తరఫున వచ్చినాయన. జడ్జిని ‘జడ్జ్’ అని పిలిస్తే చాలు. ఓడిపోయినా నెలలోపు మొత్తం కట్టేస్తే సీసీజే రికార్డులో ఉండదు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం భయం పోతుంది. పోరాడి ఓడితే పోయేది రెండొందల చిల్లర పౌండ్లు. క్రెడిట్ రికార్డు పోయేది అసలు స్పందించకపోతేనో, తీర్పు వచ్చాక కట్టకపోతేనో.

ఇప్పటికే సీసీజే పడిపోతే?

కాగితాలు మీకు చేరనే లేదని తేలితే తీర్పును పక్కన పెట్టమని ఎన్244 ఫారంతో అడగవచ్చు. ఫీజు 300 పౌండ్లకు పైనే, అంటే అసలు బాకీ కన్నా ఎక్కువ! ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఫీజు మాఫీ ఉంది. తెలిసిన వెంటనే దరఖాస్తు చేయాలి, నెలలు ఆగితే ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అని జడ్జి మొదట అదే అడుగుతారు. ఆ రోజుల్లో మీరు వేరే ఇంట్లో ఉన్నట్టు టెనెన్సీ అగ్రిమెంట్, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు జతచేయండి. కేసులో మీకు వాదించడానికి విషయం ఉందని కూడా చూపించాలి.

పాత నోటీసులు ఎప్పటిదాకా వెంటాడతాయన్నది చాలామందికి వచ్చే డౌట్. ఇంగ్లాండ్, వేల్స్‌లో ఆరేళ్ల వరకు దావా వేయవచ్చు. ఇండియా తిరిగి వచ్చేసినవాళ్లు ‘ఇంక మనకేంటి’ అనుకుంటారు గానీ, చివరిగా తెలిసిన అడ్రస్‌కు కాగితాలు పంపి తీర్పు తెచ్చుకునే అవకాశం ఉంది. మళ్లీ యూకే వెళ్లే ఆలోచన ఉంటే కారు అమ్మేటప్పుడే డీవీఎల్‌ఏలో పేరు మార్పించి, ఆ మెయిల్ దాచుకోండి. కారు ఫ్రెండ్‌కి వదిలేసి, పేరు మాత్రం మీ మీదే ఉంచి విమానం ఎక్కితే.. అతను ఎక్కడ పార్క్ చేసినా లెటర్ మీ పేరు మీదే వస్తుంది.

సాయం కావాలంటే సిటిజన్స్ అడ్వైస్ ఉచితంగా సలహా ఇస్తుంది. స్టూడెంట్స్ అయితే యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో అడ్వైస్ సెంటర్ ఉందేమో కనుక్కోండి. స్కాట్లాండ్‌లో, నార్తర్న్ ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లు మాత్రం పైన చెప్పిన 14 రోజుల లెక్క, కీపర్ బాధ్యత, నార్తాంప్టన్ ఫారం తమకు వర్తిస్తాయనుకోవద్దు. అక్కడి కోర్టులు, పద్ధతులు వేరు, కాబట్టి అక్కడి సలహా కేంద్రంలోనే అడగాలి.